జావా గుళ్ల కాగితాలను తెరవండి: వలసకాలపు లిఖిత ప్రతుల సంరక్షకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గ్రంథాలయాధికారులకు, పురావస్తుశాలల పాలకులకు, లిఖిత ప్రతుల విభాగాల బాధ్యులకు,

నమస్కారం. కాలిన్ మెకంజీ, స్టాంఫర్డ్ రాఫిల్స్, జాన్ క్రాఫర్డ్ వంటి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు నేటి ఇండోనేషియాలోని జావా ద్వీపం నుంచి తీసుకువెళ్లిన కాగితాలు, చిత్రాలు, రాతప్రతులు రెండు వందల ఏళ్లు గడిచినా చెదలు పట్టకుండా, తడిసిపోకుండా నిలిచాయంటే అది మీ సంస్థల చలవే. ఆ మాట ముందుగా ఒప్పుకుని విషయంలోకి వస్తాను.

నేను కడప జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. జావా గుళ్లతో ఇతనికేం పని అని మీరు అనుకోవచ్చు. మా ఊరి కరణం దగ్గరున్న దండెకవిలెను (ఊరి లెక్కల పుస్తకాన్ని) చూసి, గుడిలో ఎన్ని దీపాలకు ఎంత మాన్యం ఉందో, చెరువును ఎవరు తవ్వించారో రాయించుకుపోయిన మెకంజీయే 1811లో కంపెనీ సైన్యానికి ఇంజనీరుగా జావా వెళ్లాడు. 1812 జనవరిలో ప్రంబనన్ అనే చోట ఉన్న పాత హిందూ ఆలయాల శిథిలాలను చూసి, కొలతలు వేసి, బొమ్మలు గీయించాడు. ఆయన అక్కడ ఉన్నంత కాలం మద్రాసులో ఆ కైఫీయత్తుల, అంటే ఊళ్ల చరిత్రల సేకరణ పనిని ఆపకుండా నడిపించినవారు ఏలూరు నుంచి వెళ్లిన కావలి సోదరుల్లో ఒకరైన లక్ష్మయ్య. కాబట్టి మా కైఫీయత్తులూ ఆ జావా కాగితాలూ ఒకే మనిషి పెట్టెల్లో చేరిన సరుకు. 1821లో మెకంజీ చనిపోయాక ఆయన భార్య తన దగ్గరున్న సేకరణను లక్ష రూపాయలకు కంపెనీకి అమ్మింది. అందులో కొంత లండన్ చేరింది, కొంత ఈ దేశంలోనే ఉండిపోయింది, మద్రాసుకు తిరిగివచ్చిన భాగాన్ని ఆ తరువాత సి.పి. బ్రౌన్ శ్రద్ధపెట్టి నకళ్లు రాయించాడు. ఆ నకళ్ల పుణ్యాన మా తరం చదువుకుంది.

మా అమ్మాయి కుటుంబం జకార్తాలో ఉండడం వల్ల రెండేళ్ల కిందట ప్రంబనన్ చూసే అవకాశం కలిగింది. శక సంవత్సరం 778, అంటే క్రీ.శ. 856 నాటి శాసనం ప్రస్తావించే శివాలయం అదేనని పండితులు చెబుతారు. నలభై ఏడు మీటర్ల ఎత్తున్న ఆ గుడి చుట్టూ తిరిగి రామాయణ శిల్పాలు చూశాక, ఉత్తరపు గదిలో మహిషాసురమర్దినికి దణ్ణం పెట్టుకున్నాను. అక్కడివాళ్లు ఆమెను రారా జొంగ్‌గ్రాంగ్ అనే రాజకుమారిగా చెప్పుకుంటారు. తనను పెళ్లాడతానన్న రాకుమారుణ్ణి ఒక్క రాత్రిలో వెయ్యి గుళ్లు కట్టమన్నదట, తొమ్మిది వందల తొంభై తొమ్మిది పూర్తయ్యేసరికి తెల్లవారినట్టు భ్రమ కల్పించిందట, కోపం పట్టలేక అతను ఆమెనే రాయిగా మార్చేశాడట.

వెయ్యి గుళ్ల మాట కథే కావచ్చు గాని, ప్రధానాలయాల చుట్టూ వరుసలుగా ఉండవలసిన చిన్న గుళ్లు మాత్రం నిజంగానే 224. వాటిలో నిలబెట్టినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవన్నీ గడ్డిలో రాళ్ల కుప్పలు. ఒక కుప్ప దగ్గర మా వెంట వచ్చిన స్థానిక యువకుడు వంగి, నల్లటి రాయి అంచున ఉన్న గాడిని వేలితో తడిమి చూపించాడు. పై రాయి నాలుక ఆ గాడిలో కూర్చోవాలి. అసలు రాళ్లలో ముప్పాతిక వంతు దొరికితేనే గుడిని తిరిగి నిలబెట్టాలన్న నియమం ఉందనీ, ఏ రాయి ఏ గుడిదో తేలక పని సాగడం లేదనీ చెప్పి, "మీ మెకంజీ ఇక్కడ ఏ రాయి ఎక్కడ పడి ఉందో రాసుకున్నాడంటారు. ఆ కాగితం మీ దగ్గర ఉందా?" అని అడిగాడు. నా దగ్గర మా ఊరి కైఫీయత్తు తప్ప మరేదీ లేదు.

తిరిగి వచ్చిన తరువాత, ఇటువంటి పత్రాలను భద్రపరిచే ఒక సంస్థకు రాశాను. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే ఒక్క సంస్థను బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ప్రంబనన్ చుట్టుపక్కల శిథిలాలకు సంబంధించిన కొన్ని పుటల, కొన్ని రేఖాచిత్రాల నకళ్లు కావాలనీ, వాటిని అక్కడి ఉపాధ్యాయులకు ఉచితంగా అందిస్తామనీ వివరంగా తెలియజేశాను. మొదటి ఉత్తరానికి యంత్రం పంపిన అందినట్టు రసీదు వచ్చింది. రెండోదానికి పుటకు ఇంతని ధర, ముద్రించదలిస్తే అనుమతి రుసుము మరొకటని పట్టిక వచ్చింది. మూడోదానికి, పత్రాలు పెళుసుగా ఉన్నందున స్వయంగా చదువుగదికి వచ్చి చూసుకోవలసిందని సలహా వచ్చింది. నాలుగు, ఐదు ఉత్తరాలకు ఏ జవాబూ లేదు. పింఛను మీద బతికే మనిషి సముద్రాలు దాటి పది పుటలు చూసుకోవడానికి వెళ్లాలన్న సలహాను ఎంత మర్యాదగా రాసినా, దాని అర్థం వద్దనడమే. అందుకే ఈ బహిరంగ లేఖ.

ఈ పత్రాలు తలుపుల వెనక ఉండిపోవడం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టాన్ని కింద వరుసగా రాస్తున్నాను.

1. గుళ్ల మరమ్మతు ఆగిపోతోంది. 1811–1816 మధ్య బ్రిటిష్ పాలనలో రాసిన కొలతలు, గీసిన బొమ్మలు ఆ శిథిలాలను ఆ తరువాతి చేతులు తాకకముందు చూపించే సాక్ష్యాలు. ఆ తరువాత ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తోటల్లో అలంకారానికి దొరలు విగ్రహాలు పట్టుకుపోయారు, ఇళ్లకూ కట్టడాలకూ రాళ్లు తరలిపోయాయి, 1896లో సయాం (నేటి థాయ్‌లాండ్) రాజు చులాలాంగ్‌కార్న్‌కు డచ్చి ప్రభుత్వం బోరోబుదూర్ అనే పెద్ద బౌద్ధ కట్టడం నుంచి ఎనిమిది బండ్ల శిల్పాలను కానుకగా ఇచ్చింది. 2006 మే 27న వచ్చిన భూకంపం అతికించి నిలబెట్టిన ప్రంబనన్ గోపురాలను మళ్లీ కదిలించింది. ఇన్ని జరిగాక, ఏ గూట్లో ఏ విగ్రహం ఉండేదో, ఏ మెట్టు ఏ వైపుకు ఉండేదో చెప్పగలిగినవి తొలిరోజుల కాగితాలే. మెకంజీ ప్రంబనన్ యాత్రా కథనం 1814లో బటావియాలో (నేటి జకార్తాలో) అచ్చయింది నిజమే. అయితే అచ్చులోకి రాని చిత్తుపటం, పక్కన పెన్సిలుతో వేసిన అంకె, చిత్రకారుడు మధ్యలో వదిలేసిన రేఖ, ఇవే రాళ్లు పేర్చే మేస్త్రీకి పనికొచ్చేవి. మేస్త్రీ లండన్ రాలేడు.

2. ఏది ఎలా పోయిందో రుజువు చేసుకునే దారి ఊరివాళ్లకు లేకుండాపోయింది. తూర్పు జావాలోని మలంగ్ ప్రాంతం నుంచి క్రీ.శ. 928 నాటి సంగ్గురన్ శిలాశాసనాన్ని మెకంజీ తరలించాడు. అప్పట్లో జావాను పాలిస్తున్న రాఫిల్స్ దానిని గవర్నర్ జనరల్ లార్డ్ మింటోకు కానుకగా పంపాడు. దాదాపు మనిషిని మించిన ఎత్తున్న ఆ రాయి స్కాట్లాండులో మింటో వంశీకుల తోటలోకి చేరి వానకు తడుస్తూ ఎండకు ఎండుతూ ఉండిపోయింది. దానిని కదిలించినవారికి కలిగే కీడును ఆ శాసనమే శాపాలుగా వల్లిస్తుంది. మా దానశాసనాల చివర కూడా, ధర్మానికి తప్పినవాడు గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోతాడని రాసి ఉంటుంది కనుక, ఆ శాపాల గురించి చదివినప్పుడు నాకు పరాయి మాటలుగా తోచలేదు. ఆ రాయిని ఎవరు అడిగి తీసుకున్నారు, ఊళ్లో ఎవరు కాదన్నారు, బండి తోలింది ఎవరు అన్న ప్రశ్నలకు జవాబులు ఉంటే గింటే ఆనాటి ఉత్తర ప్రత్యుత్తరాల్లోనే ఉండాలి. తమ రాయి గురించి అడుగుతున్నవారికి ఆ ఉత్తరాలు చూపించకుండా, ఆధారాలతో రమ్మనడం న్యాయం కాదు.

ఇక్కడ ఒక మాట మన దేశపు అధికారులతోనూ అనాలి. జావాను ఏలిన ఐర్లంగ్గ రాజు కథ చెప్పే 1041 నాటి పుచంగన్ శాసనం, ఒక పక్క సంస్కృతం, మరో పక్క ప్రాచీన జావా భాష ఉన్నది, అదే కాలంలో ద్వీపం దాటి కోల్‌కతా మ్యూజియానికి చేరింది. లండన్‌ను నిలదీసే ముందు మన వాకిలి ఊడ్చుకోవాలి. ఈ లేఖ అందుకే సముద్రానికి రెండు వైపులా వెళుతోంది.

3. సొంత చరిత్రను పరాయి కళ్లతో చదవవలసి వస్తోంది. 1812 జూన్ 20న బ్రిటిష్ సైన్యం జావాలోని యోగ్యకర్త సుల్తాను కోటను బద్దలుకొట్టి, రెండో హమెంగ్కుబువనోను గద్దె దించి పినాంగుకు పంపింది. కోటలోని గ్రంథాలయం రాఫిల్స్, క్రాఫర్డ్, మెకంజీల మధ్య పంపకమైంది. కోట కూలిన రోజులను కళ్లారా చూసిన ఒక రాజకుమారుడు జావా పద్యాల్లో రాసిన కథనం కూడా చివరకు లండన్‌కే చేరింది. వీటిలో 75 ప్రతులను బ్రిటిష్ లైబ్రరీ డిజిటల్ రూపంలోకి మార్చి 2019లో యోగ్యకర్తకు అందించింది. చాలా మంచి పని. అసలు ప్రతులనే తిరిగి ఇవ్వాలని సుల్తాను వారసులు అడుగుతున్నారు, అది వారి హక్కు, దాని మీద తీర్పు చెప్పే స్థానం నాది కాదు. నేను అడుగుతున్నది ఆ మంచి పనిలో రెండో సగం. రాజుల కావ్యాలతో పాటు ఆ దోపిడీ జరిపిన చేతులు రాసుకున్న నివేదికలు, అనువాదాలు, గుళ్ల వర్ణనలు, భూముల లెక్కలు కూడా అంతే తేలికగా జావా పిల్లల ముందు తెరుచుకోవాలి.

4. భూమి సంగతి. జావాలో మెకంజీ గుళ్లు మాత్రమే కొలవలేదు. ద్వీపంలో భూమి ఎవరిది, శిస్తు ఎంత అని విచారించిన సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. రాఫిల్స్ తెచ్చిన భూమిశిస్తు పద్ధతికి అటువంటి విచారణలే పునాది. గుడి పక్కన ఏ పొలం ఉండేది, ఆ పొలం ఏ గ్రామానిది, అక్కడ నీళ్లు ఎలా పారేవి అన్నవి గుడి చరిత్ర నుంచి విడదీయలేని విషయాలు. కడప జిల్లాలో మాకు ఇది అనుభవం. సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం మా జిల్లా కైఫీయత్తులను తెలుగులో సంపుటాలుగా అచ్చువేశాక, ఆ పుస్తకాలను పట్టుకుని మా గుడి మాన్యం ఎంతుండేదో చూడమని నా దగ్గరకు రైతులు వచ్చేవారు. తాతల నాటి చెరువు పేరు అచ్చులో చూసి ఒక పెద్దాయన ఆ పుటను జిరాక్సు తీయించి పూజగదిలో పెట్టుకున్నాడు. మాకు దొరికిన ఈ మేలు, అదే మెకంజీ కాగితాల వల్ల జావా రైతుకు ఎందుకు దొరకకూడదు?

5. పనిచేసినవాళ్ల పేర్లు పోతున్నాయి. 1814లో రాఫిల్స్ పంపితే డచ్చి ఇంజనీరు కొర్నేలియస్ రెండు వందల మంది కూలీలతో బోరోబుదూర్ మీద పెరిగిన చెట్లు నరికించి, మట్టి తీయించాడు. రాఫిల్స్ పేరు, కొర్నేలియస్ పేరు ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి. ఆ రెండు వందల మందిలో ఒక్కరి పేరైనా పాఠ్యపుస్తకాల్లో నేను చూడలేదు. 1816లో థామస్ హికీ వేసిన మెకంజీ చిత్రపటంలో ఆయన వెనక దుర్భిణి పట్టుకుని నిలబడ్డ బంట్రోతుకు కిష్టాజీ అనే పేరు ఉందని మనకు తెలుసు. ఆ మాత్రం అదృష్టం జావా మనుషులకు కలగలేదు. ఆ ఊళ్లలో దారి చూపినవారు, శాసనం చదివి వినిపించినవారు, దుబాసీలు, పటం పట్టుకున్నవారు మెకంజీ కాగితాల మార్జిన్లలో ఎక్కడో ఉండే ఉంటారు. 1916లో బ్లాగ్డెన్ తయారుచేసిన పట్టిక యూరోపియన్ భాషల్లోని మెకంజీ పత్రాలకు ఇప్పటికీ దారిదీపమే గాని, నూరేళ్ల కిందటి పట్టిక దొరల పేర్లనే వెతుక్కునేలా తయారైంది. కూలీ పేరు వెతికేవారికి అందులో దారి లేదు.

6. కాగితం అగ్నికి, సముద్రానికి ఆహుతి కావడానికి క్షణం చాలు. 1824 ఫిబ్రవరి 2న రాఫిల్స్ ఎక్కిన ఫేమ్ అనే ఓడ సుమత్రా దీవిలోని బెంకులెన్ తీరం దాటిన కొన్ని గంటలకే తగలబడి, ఆయన సుమత్రాలో కూడబెట్టిన రాతలు, పటాలు, బొమ్మలు అన్నీ బూడిదయ్యాయి. అప్పట్లో నకలు తీసే మనిషి దొరకడమే కష్టం. ఇప్పుడు నకలు తీసే యంత్రం మీ భవనంలోనే ఉంది.

పై కారణాల వల్ల మీ సంస్థలను ఈ కింది విధంగా కోరుతున్నాను.

అ) 1811–1816 నాటి జావా గుళ్ల శిథిలాలకు, శాసనాలకు, గ్రామాలకు, భూమి విచారణకు సంబంధించిన ఉత్తరాలు, దినచర్యలు, రేఖాచిత్రాలు, అనువాదాలు అన్నింటినీ పుట వదలకుండా, ఖాళీ పుటతో సహా, చిత్రాలు తీసి ఉచితంగా చూసే వీలు కల్పించండి. ఏ కట్ట ముందు, ఏ కట్ట తరువాత అన్న క్రమాన్ని, గడువును ప్రకటించండి.

ఆ) ఉపాధ్యాయులకు, గ్రామ సంఘాలకు, పునరుద్ధరణ పనిచేసే మేస్త్రీలకు, చిన్న పత్రికలకు పుట ధర, ముద్రణ రుసుము పూర్తిగా రద్దు చేయండి. వ్యాపారం చేసేవారి దగ్గర తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఇ) ఆ కాలపు సేకరణలు లండన్‌లో, లైడెన్‌లో, కోల్‌కతాలో, చెన్నైలో ముక్కలుగా ఉన్నాయి. రాఫిల్స్ కాగితాలు కొన్ని 1830 నుంచి రాయల్ ఏషియాటిక్ సొసైటీలో ఉన్నాయి. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే ఉమ్మడి పట్టికను ఇండోనేషియా, జావా భాషల్లో తయారుచేయండి. మా భాగానికి తెలుగు, తమిళ, కన్నడ పట్టికలు కూడా కావాలి, కానీ అది రెండో మాట. ముందు జావా.

ఈ) పట్టికలో దుబాసీ, చిత్రకారుడు, కూలీ, ఊరిపెద్ద పేర్లు కనిపించిన చోటల్లా వాటిని వెతకదగిన పేర్లుగా చేర్చండి. ఈ పనికి యోగ్యకర్త, సురబయ, మలంగ్ ప్రాంతాల నుంచి చదవగలిగినవారిని జీతం ఇచ్చి తీసుకోండి. స్వచ్ఛంద సేవ పేరుతో మళ్లీ ఉచితంగా చేయించుకోవద్దు.

ఉ) సంగ్గురన్, పుచంగన్ శాసనాలు ద్వీపం దాటిన తీరుకు సంబంధించిన ప్రతి ఉత్తరాన్నీ, ఏ వైపు వాదనకు బలం చేకూర్చినా సరే, మొదటి విడతలోనే బయటపెట్టండి.

ఊ) నకళ్లు కోరుతూ వచ్చే ఉత్తరానికి ముప్పై రోజుల్లో మనిషి చేతి జవాబు ఇవ్వండి. కాదంటే కాదని కారణంతో రాయండి.

వీటిలో ఖర్చు లేనిది చివరిదొక్కటే అని నాకు తెలుసు. దానితోనైనా మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వాలు డబ్బు ఇవ్వడం లేదని, సిబ్బంది తగ్గిపోయారని మీరు అనవచ్చు, అది అబద్ధం కాదు కూడా. అయితే యోగ్యకర్త 75 ప్రతుల పనికి ఒక దాత ముందుకు వచ్చాడు. దాతలు రావాలంటే ఏ కట్టలో ఏముందో ముందు లోకానికి తెలియాలి కదా. మా తెలుగువారు కూడా, విదేశాల్లో ఉన్నవారితో సహా, కావలి సోదరుల పేరు చెప్పుకుని మురిసిపోవడంతో సరిపెట్టకుండా ఒకటి రెండు కట్టల ఖర్చు భరించగలరని నా నమ్మకం. మీరు అంచనా వేసి చెప్పండి, అడిగే పని నేను చేస్తాను.

నేను కోరిన పుటల జాబితా, కట్టల సంఖ్యలతో సహా, మొదటి ఉత్తరం నుంచీ సిద్ధంగా ఉంది. ఈ లేఖ ప్రతితో పాటు దాన్ని మళ్లీ పంపుతున్నాను. ప్రంబనన్ రాళ్ల మధ్య నన్ను ఆ కాగితం గురించి అడిగిన యువకుడికి కూడా ఒక ప్రతి పంపుతున్నాను. మీ జవాబును నాకు కాకపోయినా నేరుగా అతనికి పంపితే చాలు, చిరునామా జాబితా చివర ఉంది.

ఇట్లు,
కడప జిల్లాకు చెందిన ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు